టైము పెట్టాల్సిన పనులు కొన్నే, మిగతావాటికి వరుస చాలు

నరసన్నపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే టీచరమ్మ అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పొద్దున 5 నుంచి రాత్రి 10 దాకా అరగంటకో పని చొప్పున టైమ్‌టేబుల్ రాసుకున్నారు. వంట, పాపను తయారుచేయడం, స్కూలు, సాయంత్రం ట్యూషన్, అత్తగారి బీపీ మాత్రలు, నోటుపుస్తకాలు దిద్దడం, కరెంటు బిల్లు, చివరికి పావుగంట నడక కూడా అందులోనే. కొన్నాళ్ళు బాగానే సాగింది. ఇప్పుడు ఒక్క గడి తప్పినా టెన్షన్. మొన్న ఆదివారం ఆడపడుచు కుటుంబం చెప్పకుండా వస్తే లోపల చిరాకు పుట్టిందట. "ఇంతకుముందు నేను ఇలా ఉండేదాన్ని కాదు" అని రాశారు. పోనీ అని టైమ్‌టేబుల్ పక్కన పెడితే పుస్తకాల దొంతర పెరిగిపోయింది, పాప ఆధార్ పని అలాగే ఉండిపోయింది. ప్లాన్ ఉంటే మనసు బిగుసుకుపోతోంది, లేకపోతే పనులు కావడం లేదు, ఏం చేయాలి అన్నది ప్రశ్న.

అమ్మా, నేను విజయనగరంలో చాలా ఏళ్ళుగా ప్రింటింగ్ ప్రెస్ నడుపుతున్నాను. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు మా పని. తారీఖు తప్పితే ఊరుకోని పని ఇది. అదే సమయంలో పొద్దున్నుంచి రాత్రి దాకా చెప్పాపెట్టకుండా మనుషులు వచ్చిపోయే పని కూడా ఇదే. కాబట్టి మీరు అడిగిన రెండూ, అంటే పని జరగడం, మనిషి వస్తే మొహం చిట్లించకుండా ఉండడం, నాకు రోజూ అవసరమే.

ముందుగా, ప్లాన్ వేసుకోవడంలో మీరు చేసిన తప్పేమీ లేదు. కానీ అన్ని పనులకూ గడియారం తగిలించారు. 5 నుంచి 10 దాకా 17 గంటలు, అరగంట చొప్పున 34 గళ్ళు. వాటిలో నిజంగా టైముకే జరగాల్సినవి ఎన్ని? స్కూలు బెల్లు, పాప స్కూలు బస్సు, ట్యూషన్ పిల్లలు, అత్తగారి మాత్ర. ఈ నాలుగింటిలోనూ ఎవరో ఒకరు ఆ టైముకి మీకోసం ఎదురుచూస్తుంటారు, లేదా ఆలస్యమైతే ఎవరికో ఇబ్బంది. మిగతా గళ్ళలో ఉన్నవాటి కోసం ఆ నిమిషానికి ఎదురుచూసేవాళ్ళెవరూ లేరు. అవి ఒకదాని తర్వాత ఒకటి జరిగితే చాలు. వాటికి వరుస చాలు, టైము అక్కర్లేదు. మీరు వాటికీ టైము పెట్టారు కాబట్టి ఆడపడుచు గుమ్మంలోకి వచ్చేసరికి మీకు ఆవిడ కనబడలేదు, చెదిరిపోతున్న గళ్ళు కనబడ్డాయి.

మా ప్రెస్సులో ఇది ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెబుతాను. మాఘం, ఫాల్గుణం, వైశాఖం వచ్చాయంటే శుభలేఖల ఒత్తిడి. రాజాం నుంచి, బొబ్బిలి నుంచి, చీపురుపల్లి నుంచి పెళ్ళివారు వస్తారు. ఒక్కో ఆర్డరులోనూ టైము పెట్టేది రెండింటికే: ప్రూఫ్ చూడడానికి పెళ్ళివారు వచ్చే గంటకీ, కార్డులు అప్పజెప్పే రోజుకీ. ఈ రెండూ గోడ మీద పెద్దక్షరాల్లో ఉంటాయి. వాటి మధ్య జరిగే డీటీపీ, ప్లేటు, మెషీన్, కటింగ్, మడత, ఇవన్నీ వరుసగా ఒక చీటీలో ఉంటాయి, పక్కన గంటలు రాయం.

ఎందుకు రాయమో ఒక్క సంగతి చెబితే తెలుస్తుంది. ఆఫ్‌సెట్ మెషీన్ మీద ఒక వైపు వేసిన షీటును వెంటనే తిప్పి రెండో వైపు వేయలేం. ఇంకు ఆరాలి. తడి ఆరకముందే దొంతర పెడితే కింది షీటు రంగు పై షీటు వెనక్కి అంటుకుంటుంది, మొత్తం పాడు. ఎండాకాలం తొందరగా ఆరుతుంది. ముసురు పట్టిన రోజున, గాలిలో తేమ ఉన్నప్పుడు, చాలా ఆలస్యం. మెషీన్‌మ్యాన్ షీటు అంచు మీద వేలితో మెల్లగా రాసి చూస్తాడు, వేలికి నలుపు అంటకపోతే అప్పుడు తిప్పుతాడు. గోడ గడియారం ఏం చెప్పినా ఆ వేలు చెప్పిందే ఖాయం. ఆ ఖాళీలో ఇంకో ఆర్డరు కటింగ్ చేస్తాం, బిల్లు పుస్తకాలకు నంబర్లు వేస్తాం, లేదా "బాబూ, మా కార్డులు ఏటయ్యాయి?" అంటూ వచ్చిన పెద్దాయనను కూర్చోబెట్టి టీ ఇచ్చి, పెళ్ళి ఎక్కడ, పిల్ల ఏం చదివింది అని అడుగుతాం. ఆయనతో కూర్చున్నంతసేపూ నా మనసు ఆయన దగ్గరే ఉంటుంది, ఎందుకంటే అప్పజెప్పే తారీఖు లెక్కలో ఈ ఖాళీ ముందే ఉంది. ఉదయం నుంచి రాత్రి దాకా మెషీన్ ఖాళీ లేకుండా ఆర్డర్లు ఒప్పుకున్న ప్రెస్సులు నాకు తెలుసు. అక్కడ ఒక్క రోజు వాన పడితే వారమంతా మాట తప్పుతారు, వచ్చినవాళ్ళ మీద విసుక్కుంటారు.

మీ రోజులోనూ ఖాళీ ముందే లెక్కలో ఉండాలి. స్కూలు, ట్యూషన్ పోను మీకు మిగిలేది మూడు నాలుగు గంటలనుకుందాం. అందులో సగానికి మాత్రమే పని రాయండి. మిగతా సగం దేనికీ కేటాయించకండి, దానికి పేరు కూడా పెట్టకండి. పాపకు జ్వరం రావచ్చు, కరెంటు పోవచ్చు, ఆడపడుచు రావచ్చు, లేదా ఏమీ జరగక మీరు అరుగు మీద కూర్చోవచ్చు. అలా కూర్చోవడాన్ని "టైము వేస్టు" అని లెక్క రాసే అలవాటు ఉంటే అది మాత్రం ఈరోజే ఆపేయండి.

"సగమే రాస్తే పనులు ఎప్పటికి తెమిలేను?" అంటారేమో. ఇప్పుడు రాసినన్ని మటుకు తెములుతున్నాయా? మనిషి పనికి పట్టే సమయాన్ని చాలాసార్లు తక్కువే అంచనా వేస్తాడు. డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీని గురించి రాశారు. 1994లో రోజర్ బ్యూలర్, ఆయన సహచరులు కెనడాలో ఒక పరిశీలన చేశారు. డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులను థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారో ముందే చెప్పమన్నారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురుతిరిగితే ఎంత పడుతుందో కూడా చెప్పమంటే 49 అన్నారు. నిజంగా పట్టింది 55 పైన. అంటే అన్ని అడ్డంకులూ ఊహించుకుని చెప్పిన లెక్క కూడా చాలలేదు. ముందు జరగబోయేది ఊహించుకున్నప్పుడు పని సాఫీగా సాగిపోతున్నట్టే కనబడుతుంది. ఇదివరకు ఇదే పనికి ఎంత పట్టిందో గుర్తు చేసుకుంటేనే అంచనా దారికొస్తుంది.

మీరు లెక్కల టీచరు కాబట్టి మీకిది సులువు. ఒక్క వారం పాటు పుస్తకాలు దిద్దడం మొదలుపెట్టిన టైము, ముగించిన టైము రాయండి. 45 పుస్తకాలు, ఒక్కోదానికి రెండు నిమిషాలే అనుకున్నా 90 నిమిషాలు. మీ టైమ్‌టేబుల్లో దానికి ఒక అరగంట గడి ఉంది. అది ఏ రోజూ పూర్తికాదు, రోజూ రాత్రి మీరు ఓడిపోయినట్టే ఉంటుంది. ఆ 45ను మూడు రోజులకు 15 చొప్పున పంచితే గడి సరిపోతుంది, మనసూ కుదుటపడుతుంది.

ఇక పాప ఆధార్. ఇలాంటి పనులు మనిషిని ఎక్కువ తినేస్తాయి, ఎందుకంటే చేయకపోయినా మనసులో తిరుగుతూనే ఉంటాయి. పూర్తికాని పని పూర్తయినదానికంటే ఎక్కువ గుర్తుంటుందని బ్లూమా జైగార్నిక్ అనే పరిశోధకురాలు 1927లోనే రాసింది. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు దీనికి మరో సంగతి కలిపారు: పని పూర్తిచేయక్కర్లేదు, ఎప్పుడు ఎలా చేస్తామో స్పష్టంగా నిర్ణయించుకుంటే చాలు, మనసు దాన్ని వదిలేస్తుంది. కాబట్టి "పాప ఆధార్" అని రాయకండి. అది పని పేరు మాత్రమే, చేయడానికి అందులో ఏమీ లేదు. "శనివారం స్కూలు నుంచి వస్తూ ఆధార్ సెంటర్లో ఆగి, ఏ కాగితాలు తేవాలో, టోకెన్లు ఎన్నింటికి ఇస్తారో అడగాలి" అని రాయండి. మీ పాపకు ఐదేళ్ళు నిండి ఉంటే వేలిముద్రలు, కంటిపాప నమోదు చేయించాలి కాబట్టి పాపను వెంట తీసుకెళ్ళాల్సిన రోజు వేరే ఉంటుంది. అది రెండో మెట్టు, మొదటిది అయ్యాక చూసుకోవచ్చు.

ఈ రాత పని రాత్రి భోజనాలయ్యాక పెట్టుకోండి, పొద్దున వద్దు. పొద్దున మీ చేతిలో గరిటె ఉంటుంది, ఇంకో చేతిలో పాప జడ ఉంటుంది, ఆలోచించే తీరిక ఎక్కడిది? 2018లో అమెరికాలోని బేలర్ యూనివర్సిటీలో మైకేల్ స్కల్లిన్ బృందం చేసిన ప్రయోగంలో, పడుకునే ముందు ఐదు నిమిషాలు రాబోయే రోజుల పనులు రాసుకున్నవాళ్ళు, అయిపోయిన పనులు రాసినవాళ్ళకంటే సగటున తొమ్మిది నిమిషాలు ముందు నిద్రపోయారు. చిన్న ప్రయోగమే, కానీ నా అనుభవమూ అదే చెబుతోంది. చేతిలోకి ఇమిడే చీటీ చాలు. పైన టైము ఉన్న నాలుగు పనులు. కింద వరుసగా మూడు పనులు, అంతకు మించి వద్దు. ఫోన్‌లో యాప్ పెట్టుకోనా అని అడిగారు. చీటీ చూసి పక్కన పెట్టొచ్చు, ఫోన్ చూస్తే పేరెంట్స్ వాట్సాప్ గ్రూపు కూడా చూడాల్సి వస్తుంది. అందుకే కాగితం అంటాను.

మీరు "సరదాగా ఏమీ చేయలేకపోతున్నాను" అని కూడా రాశారు. నడకకు 6:15 నుంచి 6:30 అని గడి పెట్టారు. దాని సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గాబ్రియేలా టొనియెట్టో, సెలిన్ మల్కోచ్ అనే ఇద్దరు పరిశోధకులు 2016లో సరిగ్గా దీని మీదే పరిశోధన ప్రచురించారు. సరదా పనికి కచ్చితమైన గంట పెట్టుకుంటే అది డ్యూటీలా అనిపిస్తుందని, సంతోషం తగ్గుతుందని తేలింది. ఒక ప్రయోగంలో పరీక్షలకు చదువుకుంటున్న విద్యార్థులకు ఉచితంగా కాఫీ ఇచ్చారు. కొందరిని ఫలానా టైముకి రమ్మన్నారు, మరికొందరిని ఒక రెండు గంటల వ్యవధిలో ఎప్పుడైనా రమ్మన్నారు. రెండోరకం వాళ్ళే ఆ కాఫీని ఎక్కువ ఆస్వాదించారు. చూడండి, వాళ్ళకీ ప్లాన్ ఉంది. కానీ వదులుగా ఉంది. మీరు కూడా "ఆదివారం ఎండ చల్లబడ్డాక బయటికి" అని మాత్రం రాసుకోండి. ఆ సాయంత్రానికి పాప కళింగపట్నం సముద్రం అంటే అక్కడికి, అత్తగారు శ్రీముఖలింగం గుడికి అంటే అక్కడికి. ఇద్దరికీ ఓపిక లేకపోతే డాబా మీదికి. సాయంత్రం మాత్రం దేనికీ తాకట్టు పెట్టకుండా ఉంచండి.

వదులుగా ఉండడం అంటే సిద్ధం కాకుండా ఉండడం అనుకోవద్దు. మీ వైపు వరి ఉభాలు, అంటే నాట్లు, ఎలా జరుగుతాయో మీకు నాకంటే బాగా తెలుసు. ఏ రైతూ జూలైలో ఫలానా తారీఖు తొమ్మిదిన్నరకు నాట్లు అని రాసుకోడు. వాన పడాలి, వంశధార కాలువకు నీళ్ళు రావాలి. కానీ నారు మడిలో ఎదిగి సిద్ధంగా ఉంటుంది, గట్లు చెక్కి ఉంటాయి, దమ్ముకు ట్రాక్టరు మాట్లాడి ఉంటుంది, కూలీలకు ముందే చెప్పి ఉంటుంది. నీళ్ళు వచ్చిన రోజు ఊరు ఊరంతా చేలో ఉంటుంది. నారు పోయనివాడికి ఆ వాన పనికిరాదు. గడియారాన్ని బట్టి పనులు మార్చుకునేవాళ్ళను, ఒక పని అయ్యాక ఇంకో పని అని సాగేవాళ్ళను పోల్చి ఆన్-లోర్ సెలియే, తమార్ అవ్‌నెట్ 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. రెండో రకం వాళ్ళకు తమ జీవితం తమ చేతిలో ఉందన్న భావన, సంతోషాన్ని పూర్తిగా అనుభవించే గుణం ఎక్కువ కనబడ్డాయి. మన పెద్దవాళ్ళు చాలామంది ఈ రెండో రకమే. "ముందు ఈ కుప్ప నూర్చనీ, తర్వాత వస్తాను" అనేవారు, ఎన్నింటికి అని ఎవరూ అడిగేవారు కాదు.

మీ ఇంట్లో నారు పోసి ఉంచడం అంటే చాలా చిన్న పనులే. రవ్వ, పల్లీలు ఎప్పుడూ నిండుగా ఉండడం. పిల్లల పుస్తకాలు ఒక సంచిలో ఉండడం, ఎవరైనా వస్తే మంచం మీంచి తీసి పక్కన పెట్టేయడానికి. దీంతో పాటు ఇంకోటి చేయండి. పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త "ఇలా జరిగితే, అలా చేస్తాను" అని ముందే ఒక వాక్యంగా నిర్ణయించుకుంటే అనుకున్న పని జరిగే అవకాశం బాగా పెరుగుతుందని చూపించాడు. ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 2006లో 94 పరీక్షల ఫలితాలు కలిపి చూసినా అదే తేలింది. సాధారణంగా దీన్ని పనుల కోసం వాడతారు. మీరు చుట్టాల కోసం వాడండి: "ఎవరైనా చెప్పకుండా వస్తే, చీటీలో చివరి పని మీద గీత కొట్టి రేపటిలో రాస్తాను, తర్వాత టీ పెడతాను." గీత కొట్టడం ముందు, టీ తర్వాత. ఆ పనికి ఒక చోటు దొరికింది కాబట్టి ఆడపడుచుతో మాట్లాడుతున్నంతసేపూ అది మిమ్మల్ని లాగదు. మరి టైము ఉన్న పనికి అడ్డొస్తే? "వదినా, ఏడున్నర దాకా ట్యూషన్ పిల్లలున్నారు, ఈలోపు అత్తయ్యతో మాట్లాడుతూ ఉండండి, తర్వాత నేను పూర్తిగా ఖాళీ" అని చెప్పేయండి. ఎవరూ తప్పు పట్టరు. పుస్తకాలు దిద్దుతూ, మధ్యమధ్యలో "ఊఁ" కొడుతూ ఉంటేనే వచ్చినవాళ్ళకు మనసు నొచ్చుకుంటుంది.

మా ఊళ్ళో ఈ ఖాళీని ఊరంతా కలిసి ఉంచుకునే వారం ఒకటుంది. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ముందురోజు తొలేళ్ళు. మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా ఇసకేస్తే రాలనంత జనం. ప్రతి ఇంటికీ చుట్టాలు వస్తారు, ఎంతమంది, ఏ బస్సుకి అని ఎవరూ చెప్పరు. ఆ రెండు రోజుల్లో అప్పజెప్పేలా నేను ఏ ఆర్డరూ ఒప్పుకోను, పండక్కి నెల ముందే గోడ మీద గీత గీసేస్తాం. అంత పెద్ద సందడికి మేం చేసే ప్లాన్ ఆ గీత ఒక్కటే. మీకూ ఏడాదిలో అలాంటి రోజులు ఉంటాయి, సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళడం, ఊళ్ళో అమ్మవారి పండగ. వాటి ముందు ఒక రోజు, తర్వాత ఒక రోజు ఇప్పుడే కొట్టేసి ఉంచండి.

ఒక విషయం మాత్రం చెప్పకుండా ఉండలేను. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 34 గళ్ళలో వంట, పాప, అత్తగారి మాత్రలు, కరెంటు బిల్లు అన్నీ ఉన్నాయి, మీవారి పేరు ఒక్క గడిలోనూ లేదు. ఆయన వేరే ఊళ్ళో ఉద్యోగంలో ఉంటే సరే. ఇంట్లోనే ఉంటే, మీకున్నది పని పంపకం సమస్య. దాన్ని ఏ టైమ్‌టేబులూ తీర్చలేదు. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కరి చీటీ మీద ఎంత అందంగా రాసినా సరిపోదు. ఆదివారం చీటీ ఆయన ముందు పెట్టి, కరెంటు బిల్లు, మాత్రలు, పాపను బస్సెక్కించడం, ఈ మూడింటిలో రెండు ఆయన పేరు మీద రాయించండి. రాయించాక మళ్ళీ మీరు గుర్తు చేయొద్దు. గుర్తు చేయడం కూడా ఒక పనే, అది మీ చీటీలోనే ఉండిపోతుంది.

పని కాని రాత్రి ఏం చేయాలని చివర్లో అడిగారు. మిగిలినవన్నీ మర్నాటికి మోయకండి. ఒక్కటి మాత్రం కొత్త చీటీలోకి రానివ్వండి, మిగతావి వెనక వైపు రాసి ఉంచండి. ఒకే పని మూడు చీటీల్లోకి వచ్చిందంటే అందులో ఏదో అడ్డం ఉంది. చాలాసార్లు ఆ పని పెద్దది కావడమే కారణం, మొదటి మెట్టు ఒక్కటే రాస్తే కదులుతుంది. కొన్నిసార్లు ఇంకొకరిని అడగాల్సి ఉంటుంది, అడగడానికి మొహమాటం. ఇంకొన్నిసార్లు ఆ పని నిజంగా అక్కర్లేదు, ఎవరో అన్నారని రాసుకున్నాం. అలాంటిదాన్ని కొట్టేయండి.

పరీక్ష పేపర్లు దిద్దే వారానికి మాత్రం ఇందులో ఏదీ పెట్టుకోకండి. ఆ వారం పేపర్లకే టైము పెట్టండి, మిగతా అన్నింటినీ వదులు చేయండి. కూరలు రెండు కాకుండా ఒకటి చాలు, ట్యూషన్ ఒక రోజు తగ్గించండి, ఇంట్లో అందరికీ ముందే చెప్పండి. ఆడపడుచుకు ముందురోజు మీరే ఫోన్ చేసి, "వదినా, పేపర్లు అయ్యాక ఆదివారం తప్పకుండా రండి" అని పిలవండి.